చెనిక్కాయకు మచ్చ ఎందుకొచ్చింది? ప్రయోగంలో ఏది మార్చాలి, ఏది మార్చకూడదు

శ్రీకాళహస్తి పేరు మీద ఒక పంట జబ్బు ఉందన్న సంగతి మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోనే చాలామందికి తెలియదు. వేరుశనగ మీద పనిచేసే శాస్త్రవేత్తలు మాత్రం దాన్ని ‘కాళహస్తి తెగులు’ అనే పిలుస్తారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాళహస్తి చుట్టుపక్కల చెనిక్కాయ చేలల్లో 1975-76 ప్రాంతంలో అది మొదట కంటపడింది.

మొక్కలు గిడసబారిపోయేవి. ఆకు పసుపెక్కేది కాదు, పైగా మామూలు కంటే ముదురు పచ్చగా ఉండేది. పెరికి చూస్తే ఊడల మీద, లేత కాయల మీద గోధుమ రంగు మచ్చలు. జబ్బు ముదిరితే కాయ పైతోలంతా నల్లబారేది, కాయ సైజు తగ్గిపోయేది. కష్టపడి పండించిన కాయ అంగడికి పోతే ధర పలకదు కదా!

దీనికి కారణం ఏమిటి? చేను గట్టు మీద నిలబడి ఆలోచిస్తే అనుమానాలకు కొదవ లేదు. విత్తనం మంచిది కాదేమో. నేలలో ఏదో పోషకం తక్కువేమో. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైందేమో. బూజు తెగులేమో. నేలలో పురుగేమో. ప్రతి అనుమానానికీ సాక్ష్యంగా చూపించడానికి ఏదో ఒక చేను దొరుకుతుంది. అందుకే ఎంత కళ్ళారా చూసినా, చూపు ఒక్కటే కారణాన్ని తేల్చలేదు.

చివరికి తేలిందేమిటంటే, దోషి ఒక నులిపురుగు. మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు, మట్టిలో బతుకుతుంది, సూక్ష్మదర్శిని లేకుండా గుర్తుపట్టలేం. దాని శాస్త్రీయ నామం టైలెంకోరింకస్ బ్రెవిలీనియేటస్. 1984లో ‘ప్లాంట్ డిసీజ్’ అనే పరిశోధన పత్రికలో ఈ సంగతి అచ్చయింది.

ఇన్ని అనుమానాల్లోంచి ఒక్క కారణాన్ని ఎలా పట్టుకుంటారు? బళ్ళో మన పిల్లలు సైన్సు పుస్తకంలో చదివే ‘చరరాశులు’, ‘నియంత్రణ’ అనే రెండు మాటల్లోనే ఆ పద్ధతి ఉంది. పరీక్షకు బట్టీ పట్టి మరిచిపోయే మాటలు కావివి. రైతు డబ్బు, రోగి ప్రాణం వీటి మీద ఆధారపడిన సందర్భాలున్నాయి. అందుకే కొంచెం నిదానంగా చూద్దాం.

మూడు రకాల చరరాశులు

ప్రయోగంలో మారడానికి వీలున్న ప్రతిదీ చరరాశే. మట్టి, నీళ్ళు, ఎండ, విత్తనం, ఎరువు, రోజులు, కొలిచే మనిషి కూడా. వీటిని మూడు గంపల్లో వేసుకోవాలి.

మొదటిది, మనం కావాలని మార్చేది. పుస్తకంలో దీన్ని స్వతంత్ర చరరాశి అంటారు. ఒక ప్రయోగంలో ఇది ఒక్కటే ఉండాలి.

రెండోది, మనం కొలిచేది. మొదటిదాన్ని మార్చినందువల్ల ఇది మారుతుందా లేదా అన్నదే మన ప్రశ్న. దీన్ని ఆధారిత చరరాశి అంటారు. ఇది కొలతకు అందేలా ఉండాలి. ‘పంట బాగుంది’ అంటే కొలత కాదు. ‘పది మొక్కలకు మచ్చ పడిన కాయలు ఎన్ని’ అంటే కొలత.

మూడోది, మార్చకుండా పట్టి ఉంచేవి. వీటిని నియంత్రిత చరరాశులు అంటారు. జాబితాలో పొడుగ్గా ఉండేది ఇదే. పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేదీ, పెద్దలు డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. ‘నియంత్రిత చరరాశి’ వేరు, ‘నియంత్రణ’ లేదా ‘కంట్రోల్’ వేరు. మొదటిది అన్ని కుండీల్లోనూ ఒకేలా ఉంచే విషయం: ఒకే మట్టి, ఒకే విత్తనం, అన్నే నీళ్ళు. రెండోది ఒక కుండీ, లేదా కొన్ని కుండీల జట్టు. మనం పరీక్షించే పని ఆ జట్టుకు చెయ్యం. మందు వెయ్యని సాలు అనుకోండి. వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో కొత్త విత్తన రకాన్ని పరీక్షించేటప్పుడు పక్కనే అందరికీ తెలిసిన పాత రకాన్ని కూడా వేస్తారు. దాన్ని ‘చెక్’ అంటారు. కొత్త రకం ఎకరానికి ఇన్ని బస్తాలు పండిందని చెప్తే సరిపోదు. అదే నేలలో, అదే వానకు, అదే ఏడాది చెక్ రకం ఎంత పండింది అని అడుగుతారు. పోలిక లేని అంకెకు అర్థం లేదు.

కుండీల లెక్క

నులిపురుగే కారణమని రుజువు చెయ్యాలంటే ప్రయోగం ఎలా ఉండాలి? కుండీలతో ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఆ శాస్త్రవేత్తలు చేసినదానికి నకలు అనుకోవద్దు. తర్కం అర్థం కావడానికి మనం వేసుకుంటున్న లెక్క.

మట్టిని బాగా వేడిచేసి అందులో ఉన్న జీవులన్నిటినీ చంపెయ్యాలి. ఆ మట్టినే అన్ని కుండీలకూ సమానంగా పొయ్యాలి. ఒకే సంచిలోని, ఒకే రకం చెనిక్కాయ విత్తనాలు వెయ్యాలి. ఇప్పుడు కుండీల్ని మూడు జట్లు చెయ్యాలి.

మొదటి జట్టుకు జబ్బు చేలోంచి తెచ్చిన నులిపురుగులున్న నీళ్ళు పొయ్యాలి. రెండో జట్టుకు అవే నీళ్ళు పొయ్యాలి, కానీ సన్నటి జల్లెడతో నులిపురుగుల్ని మాత్రం వడపోసి తీసేసి. మూడో జట్టుకు అన్నే మంచినీళ్ళు.

రెండో జట్టు ఎందుకు? మొదటి జట్టు, మూడో జట్టు చాలు కదా అనిపిస్తుంది. చాలవు. జబ్బు చేలోంచి తెచ్చిన నీళ్ళలో నులిపురుగులతో పాటు బాక్టీరియా ఉండొచ్చు, బూజు బీజాలుండొచ్చు, కరిగిన లవణాలుండొచ్చు. మొదటి జట్టుకు మచ్చలొచ్చి మూడో జట్టుకు రాకపోతే, ‘ఆ నీళ్ళలో ఏదో ఉంది’ అని మాత్రమే చెప్పగలం. నులిపురుగు అని చెప్పలేం. రెండో జట్టు ఆ సందు మూసేస్తుంది.

ఫలితాలు ఎలా చదవాలో చూడండి. మొదటి జట్టుకే మచ్చలొస్తే నులిపురుగు మీద అనుమానం గట్టిపడింది. మొదటి, రెండో జట్లు రెండిటికీ వస్తే కారణం నీళ్ళలోనే ఉన్న ఇంకేదో అయ్యుండాలి. మూడు జట్లకూ వస్తే జబ్బు విత్తనంతోనో మట్టితోనో వచ్చింది, మనం పోసిన నీళ్ళకు సంబంధం లేదు. మూడింటికీ రాకపోతే? నులిపురుగు కారణం కాకపోవచ్చు. లేదా మనం పోసేలోపే అవి చచ్చిపోయి ఉండొచ్చు. మట్టి తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఇంకో మెట్టు మిగిలి ఉంది. మచ్చలొచ్చిన కాయల్లోంచి, వాటి చుట్టూ ఉన్న మట్టిలోంచి మళ్ళీ అదే నులిపురుగును బయటికి తియ్యాలి. రోగకారక జీవుల విషయంలో ఇలాంటి నియమాలను 19వ శతాబ్దం చివర్లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ పద్ధతిగా పెట్టాడు. క్షయ బాక్టీరియాను కనిపెట్టింది ఆయనే.

ఇదే విషయాన్ని తిరగేసి కూడా పరీక్షించొచ్చు. జబ్బున్న చేలో కొన్ని మడులకు నులిపురుగుల్ని చంపే మందు వేసి, కొన్నిటికి వెయ్యకుండా వదిలితే? కాళహస్తి తెగులు విషయంలో కార్బోఫ్యూరాన్ మందుతో జబ్బు తగ్గిందని శాస్త్రవేత్తలు చూపించారు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ మందు నులిపురుగుల్నే కాదు, నేలలోని చాలా కీటకాల్నీ చంపుతుంది. కాబట్టి మందు వేస్తే జబ్బు తగ్గిందన్న ఒక్క సాక్ష్యంతో నులిపురుగుకు శిక్ష వెయ్యలేం. నులిపురుగును పెడితే జబ్బు వచ్చింది, తీసేస్తే తగ్గింది అనే రెండు వైపుల సాక్ష్యమూ కలిస్తేనే కేసు నిలబడుతుంది. ఇంకో మాట: కార్బోఫ్యూరాన్ మనుషులకూ చాలా విషం. ఇది చదివి ఎవరూ కొనుక్కొచ్చి చల్లొద్దు. వ్యవసాయ అధికారి సలహా లేకుండా అలాంటి మందుల జోలికి పోకూడదు.

రెండు కయ్యల కథ

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. పీలేరు పక్కన ఒక రైతన్నకు రెండు కయ్యలున్నాయనుకుందాం. ఒకదాంట్లో కొత్తగా వచ్చిన టానిక్ కొట్టాడు. ఇంకోదాంట్లో కొట్టలేదు. మొదటి కయ్యలో 12 మూటలు, రెండో కయ్యలో 9 మూటలు అయ్యాయి. టానిక్ పనిచేసిందని అంగట్లో చెప్పాడు. వచ్చే సీజన్లో ఊరంతా అదే టానిక్ కొంటుంది.

ఇక్కడ కంట్రోల్ ఉంది కదా, ఇంకేం కావాలి అంటారేమో. ఆయన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి. రెండు కయ్యల్లో బోరుకు దగ్గర ఉన్నదేది? పల్లంలో ఉన్నదేది? దిబ్బ ఎరువు కిందటేడు దేనికి తోలారు? రెండిట్లోనూ ఒకే రోజు విత్తనం పడిందా? టానిక్ కొట్టిన కయ్యలో కలుపు ఇంకోసారి తీయించారా?

బోరుకు దగ్గరున్న కయ్యకే టానిక్ కొట్టాడనుకోండి. అప్పుడు ఆ మూడు మూటల తేడా నీళ్ళదా, టానిక్‌దా? తేల్చలేం. రెండు చరరాశులు ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. ఆ ముడి కోత అయ్యాక విప్పలేం, ఎంత లెక్కకట్టినా విప్పలేం. విత్తనం వేసే ముందే విప్పుకోవాలి.

మనిషి స్వభావం కూడా ఇందులో కలుస్తుంది. ఖర్చుపెట్టి మందు కొట్టిన కయ్యను మనం రోజూ పోయి చూసుకుంటాం. చూసినప్పుడల్లా ఒక కలుపు మొక్క పీకుతాం, ఒక గండి పూడుస్తాం. ఆ శ్రద్ధ కూడా చరరాశే.

మరి ఏం చెయ్యాలి? ఒక్క కయ్యనే చిన్న చిన్న మడులుగా విడగొట్టాలి. పది మడులు చేస్తే ఐదింటికి టానిక్, ఐదింటికి అన్నే మంచినీళ్ళు కొట్టాలి. ఏ మడికి ఏది అన్నది మన ఇష్టానికి వదలకుండా చీటీలు వేసి తేల్చాలి. ఎందుకంటే మనకు తెలియకుండానే మంచి మడిని మందుకు ఇచ్చేస్తాం. చీటీలకు పక్షపాతం లేదు. పల్లం, మెరక, బోరు దగ్గర, దూరం అన్నీ రెండు వైపులా కలగలిసిపోతాయి. అంచు సాళ్ళను లెక్కలోంచి తీసెయ్యాలి, పక్క మడికి కొట్టిన మందు గాలికి వాటి మీద పడుతుంది కాబట్టి.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త పొలం ప్రయోగాలకు ఈ చీటీల పద్ధతిని, మడుల్ని పదేపదే వేసే పద్ధతిని శాస్త్రంగా తీర్చాడు. పంట పరీక్షలకు ఈనాటికీ అదే పునాది.

మడులు ఎక్కువ ఎందుకు వెయ్యాలి? ఒకే మందు, ఒకే విత్తనం వేసినా ఏ రెండు మడులూ సరిగ్గా ఒకేలా పండవు. ఆ సహజమైన తేడా ఎంతో తెలియకపోతే, మందు తెచ్చిన తేడాను గుర్తుపట్టలేం. టానిక్ కొట్టిన ఐదు మడుల్లోనే ఒకటి 9, ఒకటి 13 పండితే, కొట్టినవాటికీ కొట్టనివాటికీ మధ్య వచ్చిన ఒకటి రెండు మూటల తేడాను నమ్మలేం.

ఒక్కో దీపం మూసి చూడండి

‘ఒకసారికి ఒక్కటే మార్చు’ అన్న సూత్రం పాతదే. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్-హైథమ్ (సుమారు 965–1040) తన ‘కితాబ్ అల్-మనాజిర్’ గ్రంథంలో కాంతి మీద చేసిన ప్రయోగాల్ని వివరించాడు. అందులో ఒకటి ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. చిన్న రంధ్రం తప్ప వెలుతురు రాని చీకటి గది. రంధ్రానికి బయట వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు. లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని మూస్తే దానికి ఎదురుగా ఉన్న ఒక్క మచ్చే పోతుంది. మూత తీస్తే మళ్ళీ అక్కడే వస్తుంది.

అన్ని దీపాల వెలుగూ ఒకే రంధ్రంలోంచి వచ్చినా ఒకదానితో ఒకటి కలిసిపోదు, దేని దారి దానిదే, నేరు దారి అని దీనివల్ల తేలుతుంది. మూసింది ఒక్క దీపం. మిగతా దీపాలు, రంధ్రం, గోడ కదల్లేదు. వెలుగుతున్న మిగతా దీపాలే ఇక్కడ కంట్రోల్. రెండు దీపాలు ఒకేసారి మూసి ఉంటే ఏ మచ్చ ఏ దీపానిదో చెప్పగలిగేవాడు కాదు.

మన తెలుగు నేల మీద జరిగిన ఇంకో పెద్ద ప్రయోగం సికింద్రాబాదుది. మలేరియా దోమల ద్వారా వస్తుందేమోనని రోనాల్డ్ రాస్ వెతుకుతున్న కాలం. మామూలుగా దొరికే దోమలకు రోగుల రక్తం పట్టించి, కోసి చూస్తే ఏమీ కనిపించలేదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న ఇంకో రకం దోమలు దొరికాయి. వాటిని పిల్లపురుగుల దశ నుంచి తనే పెంచి, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న ఆ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది.

దోమల్ని పిల్లపురుగుల నుంచి ఎందుకు పెంచాలి? బయట పట్టుకొచ్చిన దోమ అంతకు ముందు ఎవర్ని కుట్టిందో ఎవరికి తెలుసు? దాని పొట్టలో కనిపించింది ఈ రోగి నుంచే వచ్చిందని చెప్పడానికి వీలుండదు. తన చేతుల్లో పెరిగిన దోమ అయితే దాని చరిత్ర తనకు తెలుసు. రోగి రక్తం తాగిన ఇతర రకాల దోమల్లో కనిపించనిది ఈ రకంలో కనిపించింది. అంటే దోమ రకమే తేడా తెచ్చిన చరరాశి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

బళ్ళో ప్రయోగం

బళ్ళో చేసే లాలాజల ప్రయోగాన్ని ఇప్పుడు కొత్త కళ్ళతో చూడండి. రెండు పరీక్షనాళికల్లో పలచటి గంజి పోస్తాం. ఒకదాంట్లో లాలాజలం కలుపుతాం. కాసేపాగి రెండిట్లోనూ అయోడిన్ చుక్కలు వేస్తాం. లాలాజలం లేనిది నీలి నలుపుకు తిరుగుతుంది. లాలాజలం ఉన్నది తిరగదు, పిండి పదార్థం జీర్ణమైపోయింది కాబట్టి.

ఇక్కడ మార్చింది లాలాజలం. కొలిచింది అయోడిన్ రంగు. లాలాజలం లేని నాళిక కంట్రోల్. సరే, ఒక ప్రశ్న. ఒక నాళికలో 1 మిల్లీలీటరు లాలాజలం కలిపి, రెండోదాంట్లో ఏమీ కలపకపోతే? మొదటి గంజి కాస్త పలచబడింది. రంగు తగ్గింది పలచబడినందుకేమో అని ఎవరైనా అడిగితే జవాబు లేదు. అందుకే రెండో నాళికలో 1 మిల్లీలీటరు నీళ్ళు కలపాలి. కుండీల్లో వడపోసిన నీళ్ళు పోసింది కూడా ఇలాంటి కారణానికే.

ఇంకాస్త ముందుకు పోవాలంటే మూడో నాళిక పెట్టండి. అందులో మరగబెట్టి చల్లార్చిన లాలాజలం వెయ్యండి. అది నీలి నలుపుకు తిరిగితే, పని చేసేది వేడికి చెడిపోయే పదార్థమని, అంటే ఎంజైమ్ అని తెలుస్తుంది.

ఇంట్లో చేయదగ్గ ప్రాజెక్టు

ఇన్‌స్పైర్ మనక్‌కో, బాలల సైన్స్ కాంగ్రెస్‌కో, బడి సైన్స్ ఫేర్‌కో ప్రాజెక్టు వెతికే పిల్లలకు మన ఊరి చెనిక్కాయే చాలు. ప్రశ్న: విత్తనం ఎంత లోతులో వేస్తే బాగా మొలుస్తుంది?

మార్చేది లోతు: 2, 5, 10 సెంటీమీటర్లు. కొలిచేది: పదో రోజు పొద్దున మట్టి పైకి వచ్చిన మొలకల సంఖ్య. ‘మొలక’ అంటే ఏమిటో ముందే రాసుకోవాలి. మట్టి పగిలితే చాలా, ఆకు విచ్చుకోవాలా? మధ్యలో మాట మార్చకూడదు. ఒక్కో లోతుకు ఐదు కుండీలు, కుండీకి నాలుగు గింజలు వేస్తే లోతుకు 20 గింజలవుతాయి. మొత్తం 15 కుండీలు, 60 గింజలు.

మార్చకూడనివి: ఒకే కాయల బస్తాలోంచి ఒకే రోజు ఒలిచిన గింజలు, ఒకే మట్టి, ఒకే సైజు కుండీ, కొలిచి పోసిన నీళ్ళు, ఒకే ఎండ. కుండీల్ని లోతుల వారీగా వరసలు కట్టి పెట్టొద్దు, గోడ నీడ ఒక్క వరస మీదే పడితే లోతు, నీడ ముడిపడిపోతాయి. చీటీలు వేసి కలిపి పెట్టండి. మొలకలు లెక్కపెట్టే మనిషికి ఏ కుండీ ఎంత లోతుదో చెప్పకుండా అంకెలు మాత్రం అంటించండి. మనం ఆశపడిందే మన కంటికి ఎక్కువగా కనిపిస్తుంది.

ఇందులో కంట్రోల్ ఏది అని జడ్జి అడగొచ్చు. ‘లోతు సున్నా’ అనే కుండీ పెట్టడంలో అంత అర్థం లేదు, పైన పడేసిన గింజ ఎండిపోతుంది. ఇక్కడ మామూలుగా రైతులు వేసే 5 సెంటీమీటర్ల లోతే పోలికకు నిలబడుతుంది, చెక్ రకం లాగా. కంట్రోల్ అంటే ఎప్పుడూ ‘ఏమీ లేనిది’ అనే అనుకోనక్కర్లేదు. దేనితో పోల్చి చూస్తున్నామో అది.

తెలివైన జడ్జి ఇంకోటి కూడా అడుగుతారు. లోతు మారితే తేమ కూడా మారుతుంది కదా? నిజమే. పై మట్టి తొందరగా ఆరుతుంది, లోపలిది ఆరదు. కొన్ని చరరాశులు జంటగా వస్తాయి, విడదియ్యలేం. అలాంటప్పుడు దాచకుండా రాయాలి: ‘మేం మార్చింది లోతు, దానితో పాటు తేమ కూడా మారి ఉంటుంది.’ ఈ ఒక్క వాక్యం రాసిన పిల్లకు ప్రయోగం అర్థమైనట్టే.

జ్వరం, కషాయం, టీకా

పొలం నుంచి ఇంట్లోకి వద్దాం. ‘ఈ కషాయం తాగితే మూడు రోజుల్లో జ్వరం పోయింది’ అని వాట్సాప్‌లో వస్తుంది. పంపినవాళ్ళు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. వాళ్ళకు నిజంగానే తగ్గి ఉంటుంది. కానీ వైరల్ జ్వరం చాలామందికి ఏ కషాయమూ లేకుండానే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: తాగనివాళ్ళకు ఎన్ని రోజుల్లో తగ్గింది?

ఈ ప్రశ్నను వెయ్యేళ్ళ కిందటే అడిగిన వైద్యుడున్నాడు. రయ్ నగరానికి చెందిన అల్-రాజీ, సర్సాం అనే మెదడు వాపు జబ్బు వచ్చిన రోగుల్లో కొందరికి రక్తం తీశానని, కావాలనే కొందరికి తియ్యలేదని రాసుకున్నాడు. పోలిక జట్టు ఉండాలన్న ఆలోచన అప్పటికి చాలా గొప్పది. కానీ రక్తం తీస్తే మేలు జరుగుతుందని ఆయన నిర్ణయానికి వచ్చాడు. మెదడు వాపుకు అది వైద్యం కాదని ఇప్పుడు మనకు తెలుసు. కంట్రోల్ పెట్టినంత మాత్రాన సరిపోదని దీనివల్ల అర్థమవుతుంది. ఎవరు ఏ జట్టులోకి పోతారన్నది వైద్యుడి ఎంపికకు వదిలితే రెండు జట్లూ మొదట్నుంచే వేరుగా ఉండొచ్చు. రెండు కయ్యల రైతన్నకు వచ్చిన చిక్కే ఇది.

ఆ చిక్కు విప్పిన పద్ధతికి మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్. మూడో దశ పరీక్షలో సుమారు 25,800 మంది చేరారు. చీటీలు తీసినట్టు సగం మందికి టీకా, సగం మందికి టీకా లేని ఉత్తుత్తి సూది వేశారు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవాళ్ళకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. తర్వాత లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్ళు 130 మంది తేలారు. అందులో టీకా జట్టు 24, ఉత్తుత్తి సూది జట్టు 106. టీకా సామర్థ్యం 77.8 శాతం అన్న మాట ఈ పోలిక నుంచే వచ్చింది. ఆ 106 లేకపోతే 24 అనే అంకె మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు.

అడగాల్సిన ఆరు ప్రశ్నలు

ప్రాజెక్టు రాసే విద్యార్థి అయినా, మందు కొనే రైతు అయినా, వాట్సాప్ చూసే మనమైనా ఈ ఆరు ప్రశ్నలు అడిగితే చాలా మోసాలు, పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి.

1. మార్చింది ఏమిటి? ఒక్కటేనా, రెండు మూడు కలిపి మార్చారా?
2. కొలిచింది ఏమిటి? ఎవరు కొలిచినా అదే అంకె వస్తుందా?
3. మార్చకుండా ఉంచినవి ఏవి? జాబితా ఉందా?
4. దేనితో పోల్చారు? ఆ పోలిక జట్టుకు మిగతా అన్నీ సమానంగా జరిగాయా?
5. ఏది ఏ జట్టులోకి పోవాలో ఎవరు నిర్ణయించారు? చీటీలా, ఇష్టమా?
6. ఎన్నిసార్లు చేశారు? ఒక్క కుండీ, ఒక్క కయ్య, ఒక్క మనిషేనా?

కాళహస్తి తెగులు కథ కారణం తెలియడంతో ఆగలేదు. దోషి నులిపురుగని తేలాక దాన్ని తట్టుకునే రకాల కోసం వెతుకులాట మొదలైంది. జబ్బున్న నేలలో రకరకాల చెనిక్కాయల్ని పక్కపక్కన వేసి ఏది తట్టుకుంటుందో చూడటం, అంటే ఈసారి మార్చింది విత్తన రకం, కొలిచింది కాయ మీద మచ్చ. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి తిరుపతి-3, కాళహస్తి అనే రకాలు అలా వచ్చినవే. జబ్బుకు ఏ ఊరి పేరు పడిందో, దాన్ని తట్టుకునే విత్తనానికీ అదే ఊరి పేరు పెట్టారు.

కారణం తప్పుగా తేల్చి ఉంటే? బూజు అనుకుని బూజు మందులు, పోషకలోపం అనుకుని ఎరువులు కొంటూ రైతులు ఏళ్ళ తరబడి డబ్బు పోసేవాళ్ళు, నేలలో నులిపురుగు మాత్రం హాయిగా బతికేది. సరైన విత్తనం కోసం వెతకాలన్న ఆలోచనే పుట్టేది కాదు. పక్కనే మందు వెయ్యని ఒక్క సాలు వదిలి చూడటానికి పెద్దగా ఖర్చేమీ కాదు. చూడకపోతే అయ్యే ఖర్చే ఎక్కువ.